షుగరు జబ్బు: రెండు దారుల చరిత్ర

మనం షుగరు అంటున్న ఈ జబ్బును ఉర్దూలో జియాబీతస్ అంటాము. సుశ్రుతుడు మధుమేహమన్నాడు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో దీని గురించి వ్రాశాడు. 1889లో మిన్కోవ్‌స్కీ, మెరింగ్ అనే వైద్యులు కుక్కకు క్లోమగ్రంథి తీసివేయగా దానికీ జబ్బు వచ్చింది. 1921లో బాంటింగ్, బెస్ట్ టొరాంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో ఆ ఇంజక్షను పొందిన లియొనార్డ్ థాంప్సన్ మరి 13 ఏళ్ళు బ్రతికాడు.

జబ్బు ఒకటి కాదు, రెండు రకాలని 1936లో హిమ్స్‌వర్త్ చూపించాడు. 1974లో బొటాజో, ఆయన తోటివారు కొందరు రోగుల రక్తంలో సొంత క్లోమకణాల మీదికే పోయే ప్రతిరక్షకాలను కనుగొన్నారు. కాపలావాడే ఇల్లు దోచినట్లన్న మాట! పిల్లలకు వచ్చేది ఎక్కువగా ఇదే. రెండవ రకంలో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. దీనితోపాటే ట్రైగ్లిజరైడు కొవ్వు పెరిగి, మేలుచేసే కొలెస్టరాల్ తగ్గుతుందని, రక్తపోటూ కలుస్తుందని 1988లో రీవెన్ వివరించాడు.

కాబట్టి పిల్లవానికి షుగరు వస్తే, మిఠాయి పెట్టావని తల్లిని నిందించరాదు. తావీజు కట్టి ఇంజక్షను మానిపిస్తే ప్రాణమే పోతుంది. నడివయసు వారము చక్కెరతోపాటు కొవ్వునూ పరీక్ష చేయించుకుందాం. రోజా విషయంలో రోగికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. డాక్టరు వద్దంటే మొండికి పోవద్దు.