ఓడ మునిగినా తుపాకి మిగిలింది

యుద్ధనౌక అనగానే మనకు పెద్ద ఫిరంగులే గుర్తుకొస్తాయి. అయితే మొదటి ప్రపంచయుద్ధానికి ముందు పెద్ద దేశాల నౌకలలో నావికుల కోసం తుపాకులు, పిస్తోళ్లు, మరతుపాకులు కూడా ఉంచేవారు. సరుకుల ఓడను ఆపి సోదా చేయాలన్నా, ఒడ్డున దిగి కాపలా కాయాలన్నా ఇవే కావాలి. ఫిరంగిని భుజాన వేసుకుని దిగలేరు గదా! వీటి విలువ తెలిపే ఒక సంగతి ఇక్కడ మనవి చేస్తాము.

‘ఎమ్డెన్’ పేరు మన పెద్దలు చెప్పగా విన్నదే. 1909లో జర్మన్ నౌకాదళంలో చేరిన ఈ ఓడకు ఫిరంగులు పది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో చమురు ట్యాంకులను తగలబెట్టింది ఇదే. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని.

అదే ఏడు నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులలో తంతి కేంద్రాన్ని పాడుచేయడానికి లెఫ్టినెంట్ ఫాన్ మ్యూకే సుమారు యాభైమందితో ఒడ్డున దిగాడు. నాలుగు మరతుపాకులు, కొన్ని తుపాకులు, పిస్తోళ్లు వెంట తెచ్చుకున్నాడు. ఇంతలో ఆస్ట్రేలియా యుద్ధనౌక ‘సిడ్నీ’ వచ్చి ఎమ్డెన్‌ను చితకగొట్టింది. ఓడలోనివారు 130 మందికి పైగా చనిపోయారు. పది ఫిరంగులూ పోయాయి. ఒడ్డున ఉన్నవారి చేతి ఆయుధాలే మిగిలాయి.

వారు ‘ఆయేషా’ అనే పాత తెరచాప ఓడ ఎక్కి సుమత్రా చేరారు. ఆపైన మరో జర్మన్ ఓడలో 1915 జనవరికి యెమెన్‌లోని హుదైదా చేరుకున్నారు. అది అప్పుడు జర్మనీ పక్షాన ఉన్న తుర్కీ ఏలుబడిలోనిది. అక్కడినుంచి ఉత్తరానికి పోతుండగా ఏప్రిల్ మొదట్లో జిద్దా దగ్గర బదూలు చుట్టుముట్టి, ఆయుధాలన్నీ అప్పగించమన్నారు. వీరు ససేమిరా అన్నారు. బస్తాలు, ఒంటె జీనులు అడ్డం పెట్టుకుని మూడు రోజులు పోరాడారు. నీళ్లు కరువు, తూటాలు కరువు. కొందరు ఆ ఇసుకలోనే కన్నుమూశారు. మక్కా అమీరు షరీఫ్ హుసేన్ సైనికులు వచ్చాకనే ముట్టడి తొలగింది. పిదప హిజాజ్ రైలెక్కి మే నెలలో ఇస్తాంబుల్ చేరారు.

ఓడలో ఎవరూ లెక్కచేయని తుపాకులే ఆ మూడు రోజులు వారి ప్రాణాలు నిలిపాయి. నిజమే. కాని ఇంకొక రోజు గడిస్తే ఏమయ్యేదో! తుపాకి శత్రువును దూరంగా ఉంచగలదు గాని గుక్కెడు నీళ్లు ఇవ్వలేదు. వారిని గట్టెక్కించింది సమయానికి వచ్చి ఆదుకున్న మనుషులే. చరిత్రలో ఈ మాట కూడా మన పిల్లలు చదువుకోవాలని మా కోరిక.