అహోబిలం లోయలో ఒక చలికాలపు రోజు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. కాబట్టి చదివినదీ, చూసినదీ కలిపి రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

పోయిన డిసెంబరులో మా అబ్బాయి, కోడలు, మనవడు అమెరికా నుండి వచ్చారు. ఒకరోజు తెల్లవారుజామునే నంద్యాల నుండి కారులో అహోబిలం బయలుదేరాం. శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి ముందు రోడ్డు కనబడలేదు. "మంచు బాగా పట్టిందిరా" అన్నాను. షికాగోలో పుట్టిన మనవడు అద్దం దించి చెయ్యి బయటపెట్టి, "ఇది మంచు కాదు తాతా, పొగ. మంచంటే మోకాళ్ల దాకా ఉంటుంది" అన్నాడు. వాడి మంచును పారతో ఎత్తిపోయాలట. మన మంచు పొద్దెక్కితే పోతుంది. అయినా కందిపూత రాలుతుందని రైతుకు దిగులు పెట్టే పోతుంది. ఒకే మాట, రెండు దేశాల్లో రెండు కష్టాలు.

ఆళ్లగడ్డలో ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో అప్పుడే ఉలి చప్పుడు మొదలైంది. అక్కడి నుండి తూర్పుగా పోతే మంచు విడిపోయి నల్లమల కొండలు కనబడ్డాయి.

చలికాలంలో కుటుంబంతో ఈ దారి పట్టినవాళ్లలో మేము మొదటివాళ్లం కాదు. 1515 డిసెంబరులో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో రాణితో కలిసి అహోబిలం వచ్చినట్లు శాసనం ఉంది. స్వామికి కంఠహారం, పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్లెం, వెయ్యి వరహాలు సమర్పించి, చాగలమర్రి సీమలో ఒక ఊరిని కూడా ఇచ్చారు. దిగువ అహోబిలంలో నిలబడి ఉన్న జయస్తంభం ఆయన పేరు మీదే చెప్పుకుంటారు.

రాయలకంటే ముందే ఈ చోటు ప్రసిద్ధం. తిరుమంగై ఆళ్వారు తమిళంలో పది పాశురాలు పాడారు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రాప్రగడ ఈ క్షేత్ర కథనే నృసింహపురాణంగా తెలుగులో రాశారు. ఆయనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. కవిత్వం సరే, మోకాళ్ల నొప్పులున్న మనబోటివాళ్లం ముందు ఆ మెట్లకు దండం పెట్టాలి.

చెడ్డరోజులూ వచ్చాయి. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేనాని మురహరిరావు దండెత్తి ఆలయాన్ని దోచాడు. ఈ సీమ ఐదారేళ్లు పరుల చేతిలో ఉంది. తరువాత అహోబిల మఠం జియ్యరుగారి ప్రార్థన మీద శ్రీరంగరాయల కాలంలో కొండ్రాజు వెంకటరాజు దీన్ని విడిపించినట్లు శాసనం చెబుతోంది.

దిగువ నుండి ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు. ఇప్పుడు గుడి దాకా బస్సులు, కార్లు పోతున్నాయి. అక్కడి నుండి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి భవనాశి లోయలో రాళ్ల మీద నడిచి పోవాలి. రెండు వైపులా నిట్టనిలువు కొండలు, మధ్యలో ఏరు. మధ్యాహ్నమైతే తప్ప అడుగుకు ఎండ దిగదు. పైన ఉగ్రస్తంభం. అక్కడి నుండే స్వామి వెలిశాడని పెద్దల మాట. నేను ఏటి ఒడ్డునే ఒక బండ మీద కూర్చున్నాను. కొడుకు, కోడలు, మనవడు పైకి వెళ్లారు.

ఆ బండ మీద ఎందుకు కూర్చున్నానో చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఆళ్లగడ్డలో ఏడేళ్లు కాపురం ఉన్నాం. ఏటా డిసెంబరు వస్తే మా ఇంటామె, "ఏమండీ, జ్వాల దాకా నడిచి వద్దామండీ, ఒక్క రోజే కదా" అనేది. నేను కిస్తు వసూళ్ల కాలం వస్తోందని ఒక ఏడు, ఆడిట్ అని ఒక ఏడు దాటవేశాను. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. అడగలేదు, అంతే. రిటైరయ్యాక 2010 డిసెంబరులో తీసుకొచ్చాను. అప్పటికి ఆమె మోకాళ్లు అయిపోయాయి. డోలీ మాట్లాడతానంటే, "నన్ను మోయడానికి నలుగురు మనుషులా? వద్దులెండి" అని ఈ బండ మీదే కూర్చుంది. చిత్రాన్నం పొట్లం విప్పి ముందు నాకే పెట్టింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

నెల తిరగకుండానే ఇంకొకటి జరిగింది. కనుమ నాడు అహోబిలంలో పార్వేట మొదలవుతుంది. స్వామి తన పెళ్లికి, అంటే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు, జనాన్ని పిలవడానికి పల్లకీలో కొండ దిగి వస్తాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేపట్టాడు కనుక చెంచులకు ఆయన అల్లుడు. ప్రహ్లాదవరదులతో పాటు జ్వాలా నరసింహుడి ఉత్సవమూర్తి కూడా ఆ పల్లకీలోనే ఉంటాడు. ఆళ్లగడ్డ దగ్గర మా చెల్లెలి ఊరికి పల్లకీ వచ్చినప్పుడు మా ఇంటామె టెంకాయ పట్టుకొని వీధిలో నిలబడింది. "చూశారా, నేను పోలేకపోతే ఆయనే వచ్చాడు" అంది. ఆమె 2016లో కాలం చేసింది.

మనవడు జ్వాల నుండి దిగి వచ్చి, నా పక్కన కూర్చుని, బండ మీద చెయ్యి పెట్టి, "అవ్వ కూర్చున్నది ఇక్కడేనా తాతా? ఇది మాత్రం మా మంచంత చల్లగా ఉంది" అన్నాడు. అవునన్నాను.

మిత్రులారా, బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం మనం. ఆ సంతకంతో పాటు, ఇంట్లో వాళ్లు ఎప్పుడో అడిగి ఊరుకున్న ప్రయాణం ఏదైనా మిగిలి ఉంటే, ఈ చలికాలంలోనే తీర్చండి. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు కూడా చెప్పండి. సెలవు అడగండి. ఇస్తారు.