షూటింగ్ పోటీల్లో స్కోరు నమోదు, అధికారిక గుర్తింపు

రైఫిల్, పిస్టల్ పోటీల్లో ప్రతి గుండుకూ విలువ కట్టి, న్యాయనిర్ణేతల ధ్రువీకరణతో ఫలితం ప్రకటించే విధానం ఇది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య గుర్తించిన పోటీలో, నియమిత అధికారుల ఎదుట సాధించిన స్కోరే రికార్డుకు చెల్లుతుంది.

తొలి దశ: షూటింగ్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే ఉంది. అంతర్జాతీయ సమాఖ్య 1907లో ఏర్పడింది. భారత జాతీయ రైఫిల్ సంఘం తొలి లోక్‌సభ స్పీకర్ జి.వి. మావలంకర్ చొరవతో 1951లో పుట్టింది. ఆయన పేరిట జరిగే పోటీలు నేటికీ జాతీయ పోటీలకు మెట్టు.

కాగితపు టార్గెట్లు: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 0.5 మి.మీ.; పెల్లెట్ 4.5 మి.మీ. గీత మీద పడ్డ రంధ్రంలో గేజ్ దింపి, భూతద్దంతో చూసి విలువ తేల్చేవారు. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఆ పనిని క్షణంలో చేస్తున్నా, అభ్యంతరాలపై తీర్పు జ్యూరీదే.

హైదరాబాద్ ఘట్టం: ఈ నియమాల బలం నగరంలో పెరిగిన గగన్ నారంగ్ ప్రస్థానంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2003 అక్టోబరు 26న హైదరాబాద్ ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 595 సాధించినా, స్కోరు సమం కావడంతో సిరీస్‌లు పోల్చి చూడగా ఫైనల్ చేజారింది. అదే ఏడాది నవంబరులో బ్యాంకాక్ ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్హత దశలో 600కు 600, మొత్తం 703.5తో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 703.6 సాధించారు. అది అంతకన్నా ఎక్కువే; అయినా రికార్డులకు అర్హమైన పోటీల్లో కామన్వెల్త్ క్రీడలు లేనందున ప్రపంచ రికార్డుగా ఎక్కలేదు. అంత గొప్ప స్కోరుకైనా మినహాయింపు ఇవ్వకపోవడమే ఈ విధానానికి గౌరవం తెచ్చింది. 2012 లండన్‌లో 701.1తో (598, 103.1) కాంస్యం దక్కింది.

తర్వాతి మార్పులు: 2013 నుంచి ఎయిర్ రైఫిల్ అర్హత దశలోనూ దశాంశాలు లెక్కిస్తున్నారు; 60 గుండ్లకు గరిష్ఠం 654. ఫైనల్ సున్నాతో మొదలవుతుంది. మహిళల 25 మీటర్ల పిస్టల్ ఫైనల్‌లో 10.2 లేదా అంతకు పైబడిన గుండే హిట్. ఈ పద్ధతిలో హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 34 హిట్లతో రజతం గెలిచారు.