గేటు వెనుక రోడ్డు

లండను నగరములో బ్రిటిష్ మ్యూజియము ఉన్న పేటకు బ్లూమ్స్‌బరీ అని పేరు. పందొమ్మిదవ శతాబ్దిలో అచ్చటి భూమి చాలవరకు బెడ్‌ఫర్డ్ డ్యూకు వంశమువారి సొత్తు. వారు ఆ భూమిని దీర్ఘకాలపు కౌలుకిచ్చి, తిన్నని వీధులు తీర్చి, నడుమ తోటలు వేయించి, పెద్దమనుష్యుల నివాసమునకు తగిన పేటగా రూపొందించిరి. ఆ పెద్దరికము చెడకుండుటకై కొన్ని వీధుల మొగలయందు గేట్లు పెట్టించి కావలివారిని నియమించిరి. సొంత బండిపై వచ్చు దొరలకు దారి విడుచుట, సరకుల బండ్లను, పశువుల మందలను వెనుకకు మరలించుట ఆ కావలివారి పని. నేడు మనము ట్రాఫిక్ నియంత్రణమని పిలుచు కార్యమును ఆనాడు ఒక ప్రభువు నౌకరు నిర్వహించుచుండెను. ఏ బండి పోవచ్చును, ఏది పోరాదు అను ప్రశ్నకు సమాధానము డ్యూకుగారి కచేరీలో ఉండెను గాని పార్లమెంటు చట్టములో లేదు.

ఆ గేట్లను కేవలము అహంకార చిహ్నములని త్రోసివేయుట న్యాయము కాదు. లోపల కాపురమున్నవారికి వానివలన నిజమైన మేలే కలిగెను. బరువుబండ్ల రొద లేదు. వాకిట నిలిచిన పిల్లలకు చక్రముల భయము తక్కువ. ఆ ప్రశాంతిని నమ్మియే పలువురు అచ్చట ఇండ్లు తీసికొనిరి. కాని పేటకు ఉత్తరమున కాలము మారిపోయెను. 1837లో యూస్టన్, 1852లో కింగ్స్ క్రాస్, 1868లో సెయింట్ పాంక్రస్, ఇట్లు మూడు పెద్ద రైలు స్టేషన్లు వరుసగా వెలసినవి. తిన్నగా స్టేషనుకు పోవలసిన బండి గేటును చూచి చుట్టుదారి పట్టవలసివచ్చెను. అంతకంటె జనుల మనసున గ్రుచ్చుకొన్న విషయము వేరొకటి కలదు. ఆ గేట్ల లోపలి వీధుల మరమ్మతు స్థానిక పన్నుల డబ్బుతోనే జరుగుచుండెను. ప్రజల సొమ్ముతో బాగుచేసిన రోడ్డుపై ప్రజల బండి పోరాదట! 1889లో లండన్ కౌంటీ కౌన్సిలు ఏర్పడిన పిమ్మట ఈ వాదము పార్లమెంటుకెక్కెను. 1890లో ఒకటి, 1893లో మరియొకటి చట్టములు చేసి బ్లూమ్స్‌బరీ గేట్లను ఊడబెరికించిరి.

మోటారు కారు వచ్చిన పిదప ప్రశ్న స్వరూపమే మారెను. గుర్రపుబండిని గేటు ఆపగలదు. లోపలికి ప్రవేశించిన కారు వేగమును గేటు ఆపలేదు. 1903 నాటి బ్రిటిష్ మోటారు కారు చట్టము గంటకు 20 మైళ్ల వేగపరిమితిని విధించెను గాని, ఆ పరిమితి రాజమార్గములకు మాత్రమే వర్తించునట్లు వ్రాయబడెను. సొంత రోడ్డు దానికి అందలేదు. 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టము ఆ లోపమును దిద్దినది. రాజమార్గమే కాక, ప్రజలకు ప్రవేశమున్న ఏ దారియైనను రోడ్డే యని అది నిర్వచించెను. కొలదికాలమునకే ఆ నిర్వచనమునకు పరీక్ష వచ్చెను. స్కాట్లండులో ఒక రైతు ఇంటికి పోవు దారి, దానిని బాగుచేయించువాడు రైతు, గేటు లేదు, ఊరక నడచిపోవువారును దానిపై పోవుచుందురు. కారు నడపు అర్హతను కోల్పోయిన ఒక వ్యక్తి ఆ దారిపై కారు నడిపెను. న్యాయస్థానము దానిని రోడ్డుగనే నిర్ణయించెను. దారి ఎవరిది అను ప్రశ్న వెనుకకు పోయి, దానిపై ఎవరు నడచుచున్నారు, వారినెవరైన అడ్డగించుచున్నారా అను ప్రశ్న ముందునకు వచ్చెను. నా దృష్టిలో ఈ చరిత్రకంతకు ఇదియే మలుపు.

మన దేశపు చట్టము ఈ బాటనే నడచినది గాని ఒక్క మాటలో తేడా కలదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము, దాని స్థానమున వచ్చిన 1988 చట్టము కూడ, ప్రజలకు ప్రవేశించు 'హక్కు' ఉన్న రోడ్డు, వీధి, లేక ఇతర స్థలమును బహిరంగ స్థలమనినవి. ఇంగ్లీషువారికి ప్రవేశము చాలును. మనకు ప్రవేశించు హక్కు కావలెను. ఈ ఒక్క మాటపై ఎంత బరువు ఉన్నదో చూడుడు. లైసెన్సు లేనిదే బండి నడుపరాదన్న నియమము, పదునెనిమిదేండ్లు నిండనివారు కారు నడుపరాదన్న నియమము, వేగపరిమితి, నిర్బంధ బీమా, ఈ నాలుగును బహిరంగ స్థలమును గూర్చియే చెప్పబడినవి. కనుక గోడయు గేటును ఉన్న నివాసప్రాంతములో పదునాలుగేండ్ల బాలుడు తండ్రి కారును త్రిప్పుచుండగా ట్రాఫిక్ పోలీసు చేతిలోని చట్టము తడబడును. ఒకరి ప్రాణము పోయినచో మాట వేరు. నిర్లక్ష్యముచే మరణము కలిగించుట ఎచ్చటనైనను నేరమే. 2024 జూలై 1కి పూర్వము భారత శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షను గాని, నాటినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను గాని స్థలభేదమును పాటింపలేదు. ప్రాణము పోయిన పిదప చట్టము గేటు దాటి వచ్చును. వేగమును ముందుగా అరికట్టవలసిన నియమము వెలుపలనే నిలిచియుండును.

గాయపడినవారికి పరిహారమెవరిత్తురను చిక్కు మన న్యాయస్థానములను చిరకాలము వేధించెను. ప్రైవేటు స్థలములో జరిగిన ప్రమాదమునకు తాము బాధ్యులము కామని బీమా సంస్థలు వాదించినవి. బొంబాయి హైకోర్టు 1980 దశకములోను, మద్రాసు హైకోర్టు 1999లోను పూర్తి ధర్మాసనములను కూర్చి, అనుమతిపై ప్రవేశించు స్థలమైనను బీమా విషయమున బహిరంగ స్థలమే కాగలదని విశాలార్థము చెప్పినవి. పన్ను విషయమున సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో వేరు మార్గము త్రొక్కెను. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములోని డిస్పాచ్ యార్డులో మాత్రమే తిరిగిన 36 వాహనములను గూర్చిన తగవు అది. యార్డు చుట్టును గోడ కలదు; గేట్లవద్ద కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము కావలి కలదు; ప్రజలకు ప్రవేశించు హక్కు లేదు. కావున అది బహిరంగ స్థలము కాదనియు, ఆ వాహనములపై ఆంధ్రప్రదేశ్ మోటారు వాహన పన్ను చెల్లదనియు తీర్పయ్యెను. గాయపడినవాని యెడ విశాలముగను, పన్ను వసూలు చేయువాని యెడ కఠినముగను అర్థము చెప్పుట విడ్డూరముగ తోచవచ్చును గాని, నాకు అందులో న్యాయమే కనబడుచున్నది.

మన నగరములలోని కాలనీ గేట్లన్నియు ఆ యార్డు గేటువంటివి కావు. లేఅవుటుకు అనుమతి ఇచ్చునపుడు అందలి రోడ్లను స్థానిక సంస్థ పేర దానపత్రముతో వ్రాయించుకొనుట పరిపాటి. అట్టి రోడ్డుకు నివాసులు తరువాత గేటు పెట్టుకొనినంత మాత్రమున అది వారి సొంతము కాదు. మోటారు వాహనముల చట్టము అచ్చట సంపూర్ణముగ చెల్లును. బ్లూమ్స్‌బరీ తగవునకు ఇది దగ్గరి చుట్టము.

మరి నిజముగా సొంతమైన రోడ్డుపై క్రమమును ఎవరు నిలుపవలెను? అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమునందలి లేక్ హాలిడే అను నివాసప్రాంతములో యజమానుల సంఘము తన భద్రతా సిబ్బందికి రాడార్ యంత్రములను, మిణుకు దీపములున్న కార్లను ఇచ్చి, వేగము మీరినవారిని ఆపించి జరిమానా విధించుచుండెను. 2008లో ఇట్లు ఆపబడిన ఒక సభ్యుడు, ప్రైవేటు కావలివానికి నన్ను నిలుపు అధికారమెక్కడిదని దావా వేసెను. అప్పీలు కోర్టు ఆయన వాదమును మన్నించెను. 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని త్రోసి సంఘమువారి పక్షము వహించెను. సంఘము తన నియమములను తన ఆస్తిపై, తన సభ్యులయెడ అమలు పరచుకొనవచ్చునని దాని తాత్పర్యము. తర్కము బలమైనదే. డ్యూకునకు బదులు నివాసులు తామెన్నుకొన్న సంఘము కావలివానిని నియమించుచున్నది గదా! అయినను పాలు పోయవచ్చినవాడు, సరకులు తెచ్చువాడు, పండుగకు వచ్చిన బంధువు సభ్యులు కారు. వారు ఏ ఒడంబడికపై సంతకము చేసిరి?

ఫ్లోరిడా రాష్ట్రము వేరొక తెరువు చూపినది. అచ్చటి చట్టము ప్రకారము సొంత రోడ్ల యజమానులు నగర లేక కౌంటీ ప్రభుత్వముతో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొనినచో, రాష్ట్ర ట్రాఫిక్ చట్టములను ఆ రోడ్లపై ప్రభుత్వ పోలీసులే అమలు జరుపుదురు. అందులకగు ఖర్చును యజమానులు భరించుటకు ఒడంబడికలోనే ఏర్పాటుండును. రోడ్డు వారిదే, గేటు వారిదే. లోపలి శాసనము మాత్రము సభ్యునికి, అతిథికి, పాలవానికి ఒక్కటే. మన 1988 చట్టములో ఇట్టి ఒడంబడికకు తావు లేదు. సొంత రోడ్లపై మన సంఘములు కట్టు వేగపరిమితి పలకలు సంఘ నియమములే. బయటి డ్రైవరు వానిని మీరినచో బండి నంబరు వ్రాసికొని కార్యదర్శికి ఇచ్చుట, అతడు మరల వచ్చినపుడు గేటు తెరువకుండుట, అంతవరకే కావలివాని అధికారము.