ఫుట్‌బాల్ జట్టు అమరిక

ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు కాక మిగిలిన పదిమంది ఆటగాళ్ళను మైదానంలో నిలిపే పద్ధతిని అమరిక లేదా ఫార్మేషన్ అంటారు. దీనిని వెనుక వరుస నుండి ముందుకు అంకెలతో సూచిస్తారు. ఉదాహరణకు 4-2-4 అంటే నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్య వరుస ఆటగాళ్ళు, నలుగురు ఫార్వర్డులు. ఈ అంకెలు కాగితం మీద ఉన్నంత స్థిరంగా మైదానంలో ఉండవు. బంతి ఎవరి వద్ద ఉన్నదనే దానిని బట్టి ఆటగాళ్ళు ముందుకూ వెనుకకూ జరుగుతూనే ఉంటారు. భారతదేశంలో అమరికపై శ్రద్ధ పెట్టి అంతర్జాతీయ విజయాలు సాధించిన వారిలో హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) ప్రముఖుడు.

తొలి అమరికలు

19వ శతాబ్దం చివరి నుండి చాలాకాలం 2-3-5 అమరిక వాడుకలో ఉండేది. ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, అయిదుగురు ఫార్వర్డులు ఆడేవారు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం సడలించడంతో గోల్ చేయడం సులువైంది. దానికి విరుగుడుగా మధ్య హాఫ్ బ్యాక్‌ను వెనుకకు దింపి మూడవ రక్షకునిగా నిలిపారు. ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ పేరుతో ప్రసిద్ధి పొందిన ఈ పద్ధతిని ఆటగాళ్ళు నిలబడే ఆకారాన్ని బట్టి డబ్ల్యూ-ఎం అన్నారు. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు ఆ పద్ధతి లోపం బయటపడింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి వెనుకకు జరిగి ఆడగా, అతన్ని వెంబడించాలో తన స్థానంలోనే ఉండాలో ప్రత్యర్థి రక్షకునికి పాలుపోలేదు.

రహీం పద్ధతి

వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం 1950 నుండి మరణించే వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బంతిని కాలి దగ్గర ఉంచుకోకుండా నేలమీద చిన్న పాసులతో వెంటనే అందించడం ఆ జట్టు ప్రత్యేకత. అమరిక ఏదైనా, ఈ అలవాటు లేనిదే అది పనిచేయదు. అందుకే రహీం కుర్రవాళ్ళకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. అప్పటికి చాలామంది ఆటగాళ్ళు బూట్లు లేకుండానే ఆడుతున్నారు. నాలుగేళ్ళ తరువాత మెల్‌బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి తేడా 4-1. భారత్ చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్ళు పలువురు ఉన్నారు.

1958 ప్రపంచ కప్పును బ్రెజిల్ 4-2-4తో గెలిచింది. రహీం అంతకుముందే దీన్ని ప్రయోగించారని భారత క్రీడారచనలలో తరచుగా కనిపిస్తుంది. అయితే 1950లలో హంగరీ, బ్రెజిల్ జట్లు కూడా ఇదే దిశలో సాగాయి. అందుచేత రహీంను దీని ఆవిష్కర్త అనడం కంటే, ఆ మార్పును త్వరగా గ్రహించినవారు అనడం సబబు.

1962 జకార్తా ఆసియా క్రీడలు

తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన భారత్ థాయిలాండ్, జపాన్‌లపై గెలిచింది. థాయిలాండ్‌తో ఆడుతుండగా రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు, వెనుక వరుసలోనూ ఉంచలేదు. సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతను ఒక గోల్ చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే. తంగరాజ్ గోల్‌కీపరుగా వచ్చాడు. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి ఇరవై నిమిషాలలోనే చెరొక గోల్ చేయగా భారత్ 2-1తో స్వర్ణ పతకం గెలుచుకుంది. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టు ఆ తరువాత మళ్ళీ స్వర్ణం సాధించలేదు.