వేటమాంసానికి గుడ్డసంచి

ఉత్తర అమెరికాలోని పడమటి కొండలలో వాపిటి అనే పెద్ద జింక ఉన్నది. అమెరికావారు దీనిని ఎల్క్ అని పిలుస్తారు. యూరపులో ఎల్క్ అనే పేరు వేరొక జంతువుకు చెల్లుతుంది కాబట్టి, షానీ తెగవారి భాషలోని వాపిటి అనే పేరే దీనికి తగినది. మన అడవులలోని కణుజు కూడా ఈ జింకల కుటుంబానికి చెందినదే. బాగా ఎదిగిన మగ వాపిటి 300 కిలోగ్రాములకు పైగా తూగుతుంది. అంత జంతువును కొండమీద వేటాడినవారు దానిని నాలుగైదు భాగాలుగా కోసి, గుడ్డసంచులలో పెట్టి, వీపుమీద గాని గుర్రాలపైన గాని దిగువకు చేరుస్తారు. ఈ పనికి ఒక్కొక్కసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా మాంసం చెడకుండా ఉండాలంటే ఆ సంచి ఎటువంటి గుడ్డతో కుట్టినదై ఉండాలి? ప్రశ్న చిన్నదే. కాని దీనికి జవాబు వెదకుతూ పోతే జీవశాస్త్ర చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం ఎదురవుతుంది.

రెడీ కట్టిన వాసెన

కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుడతాయని పండితులు చిరకాలం నమ్మారు. దీనికే స్వయంజనన వాదమని పేరు. అయితే వేటగాళ్లకు, కసాయివారికి అనుభవంవల్ల మరొక సంగతి తెలుసు. వేసవిలో మాంసం మీద తెల్లని గుడ్డ కప్పితే పురుగు పట్టదు. ఈ వాడుకను గమనించి, దానిని ప్రయోగానికి పెట్టినవాడు ఇటలీ దేశస్థుడు ఫ్రాంచెస్కో రెడీ (1626–1697). ఆయన మెడిసీ ప్రభువుల ఆస్థాన వైద్యుడు.

రెడీ కొన్ని పాత్రలలో పాము, చేపలు, దూడమాంసం వంటివి వేసి, కొన్నింటిని తెరచి ఉంచాడు, కొన్నింటిని గట్టిగా మూసివేశాడు. తెరచిన పాత్రలలో పురుగులు పట్టాయి. మూసినవాటిలో పట్టలేదు. అయితే ఇక్కడ ఒక ఆక్షేపణకు తావున్నది. మూసిన పాత్రలోకి గాలి పోదు. గాలి లేనందువల్లనే పురుగులు పుట్టలేదని వాదించవచ్చు. అందుచేత ఆయన నేపుల్స్ నుండి వచ్చిన మిక్కిలి సన్నని జాలిగుడ్డను, మనవారు ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్లుగా, పాత్రల మూతికి కట్టాడు. గాలి లోపలికి పోయింది, ఈగ పోలేకపోయింది. మాంసంలో పురుగు పుట్టలేదు. ఈగలు గుడ్డపైన వాలగా, పురుగులు కొన్ని ఆ గుడ్డమీదనే కనిపించి, కన్నాలగుండా దూరడానికి ప్రయత్నించాయి. ఈ విశేషాలను ఆయన 1668లో గ్రంథరూపంలో ప్రకటించాడు.

గాలిని పోనిచ్చి ఈగను ఆపడం – మంచి వేటసంచికి ఉండవలసిన మొదటి గుణం ఇదే. రెండవ పాఠం కూడా రెడీ ప్రయోగంలోనే ఉన్నది. నేత వదులుగా ఉంటే పైన పెట్టిన గుడ్ల నుండి వెలువడిన పురుగులు లోపలికి చేరగలవు. కాబట్టి నేత దట్టంగా ఉండాలి; గుడ్డ మాంసానికి అంటుకుపోకుండా కొంచెం వదులుగా వేలాడాలి.

ఈగ ఒక్కటే శత్రువా?

ఈగను ఆపినంత మాత్రాన మాంసం నిలువదు. 1805–06 శీతకాలంలో జరిగిన ఒక అనుభవం దీనిని స్పష్టం చేస్తుంది. అధ్యక్షుడు జెఫర్సన్ పంపగా పడమటి సముద్రాన్ని చేరిన లూయిస్, క్లార్క్ బృందం కొలంబియా నది ముఖద్వారం వద్ద ఫోర్ట్ క్లాట్సప్ అనే చిన్న కోట కట్టుకొని విడిసింది. సుమారు 33 మందికి ముఖ్యాహారం వాపిటి మాంసమే. 1805 డిసెంబరు 1 నుండి 1806 మార్చి 20 వరకు 131 వాపిటిలను, 20 జింకలను చంపినట్లు సార్జంటు పాట్రిక్ గాస్ లెక్క వ్రాసిపెట్టాడు. వాటిని దూరపు అడవులనుండి బురదలోను, వానలోను మోసుకొని రావలసి వచ్చింది. ఆ ప్రాంతంలో చలి తక్కువ, తేమ ఎక్కువ. వాన దాదాపు ప్రతిదినం కురిసింది. మాంసాన్ని పొగబెట్టి ఆరబెట్టినా నిలువలేదు. 1805 క్రిస్మస్ నాడు వారు తిన్నది చెడిన వాపిటి మాంసం, చెడిన చేపపొడి, కొన్ని దుంపలు. తరువాత సముద్రపు నీటిని కాచి ఉప్పు తీయడానికి కొందరిని తీరానికి పంపారు.

ఇందుకు కారణం ఆనాటివారికి తెలియదు. కుళ్లడం సూక్ష్మజీవుల పని అని 1860 ప్రాంతాల లూయీ పాశ్చర్ ప్రయోగాలు తెలియజేశాయి. ఏ గుడ్డ కన్నమైనా సూక్ష్మజీవికి సింహద్వారమే. వాటిని గుడ్డ ఆపలేదు. చలువ, పొడి వాతావరణం మాత్రమే వాటి పెరుగుదలను మందగింపజేస్తాయి. సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడితే అవి త్వరగా వృద్ధి పొందుతాయి. చంపిన జంతువు దేహంలో 38 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది. దట్టమైన తోలు కంబళివలె ఆ వేడిని పట్టి ఉంచుతుంది. తొడ ఎంత లావైతే ఎముక దగ్గరి వేడి బయటికి రావడానికి అంత ఆలస్యం. అందుకనే తోలు వెంటనే ఒలిచి, ముక్కలు చేసి, నీడలో గాలి తగిలేలా వ్రేలాడదీస్తారు. గాలి సోకి పైతడి ఆవిరైపోతే మాంసం చల్లబడుతుంది, పైన పొడి పొర కడుతుంది.

గుడ్డ ఎంపిక

ఈ సూత్రాలతో గుడ్డలను పరీక్షించవచ్చు. పాలిథీన్ సంచి ఈగను ఆపుతుంది. కాని వేడిని, తేమను లోపలనే బంధిస్తుంది కనుక వేడి మాంసానికి పనికిరాదు. జున్ను వడగట్టే పలుచని నూలుగుడ్డ చవక; బరువుకు సాగి కన్నాలు పెద్దవవుతాయి. మందపు కాన్వాసు గట్టిదే గాని గాలి సరిగా ఆడదు. దట్టంగా నేసిన మస్లిన్ వంటి నూలుగుడ్డ తడిని పీల్చుకొంటుంది, గాలిని పోనిస్తుంది. తడిసినప్పుడు బరువెక్కి, ఆలస్యంగా ఆరుతుంది. 1935లో నైలాన్, 1941లో పాలియెస్టరు దారం కనుగొన్న పిమ్మట తేలికైన సంచులకు వీలు కలిగింది. ఇవి నీటిని తక్కువగా పీల్చి త్వరగా ఆరుతాయి, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. రంగు తెలుపైతే ఎండను తిప్పికొడుతుంది, మురికిని దాచదు.

అమెరికాలో అనుమతిపత్రంతో వాపిటి వేట సాగుతున్నది. చంపిన జంతువు మాంసాన్ని వృథాగా వదలడం అక్కడి పెక్కు రాష్ట్రాలలో నేరం. తీసిన ప్రాణం వ్యర్థం కారాదన్న బాధ్యతలో ఆ సంచికీ పాలున్నది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద కణుజు వేట నిషిద్ధం.

రెడీ ప్రయోగానికి మాత్రం వేట అవసరం లేదు. బాగా పండిన అరటిపండు తొక్క తీసి, రెండు గాజుపాత్రలలో చెరి సగం వేసి, ఒకదానికి దట్టమైన సన్నని గుడ్డ వాసెన కట్టి, రెండవదానిని తెరచి ఉంచాలి. కొద్ది దినాలలో తెరచిన పాత్రచుట్టూ చిన్న పండుఈగలు ముసురుతాయి. తరువాత పండులో పురుగులు కనిపిస్తాయి. రెండు పాత్రలలోని పండూ కుళ్లుతుంది, పురుగు మాత్రం ఒకదానిలోనే పడుతుంది. గుడ్డ ఏది ఆపగలదో, ఏది ఆపలేదో విద్యార్థులు తమ కళ్లతోనే చూడగలరు.