పిల్లి గుండెకు టారీన్

1827వ సంవత్సరమున జర్మనీలో టీడెమాన్, గ్మెలిన్ అను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తరసము నుండి ఒక స్ఫటిక పదార్థమును వేరుచేసిరి. లాటిన్ భాషలో ఎద్దునకు ‘టారస్’ అని పేరు. ఆ పేరునుబట్టియే ఈ పదార్థము టారీన్ అయినది. ఇది అమైనో ఆమ్లముల కోవకు చెందినదే కాని, మాంసకృత్తుల నిర్మాణములో పాల్గొనదు. అందుచేత చాలకాలము దీనికి ప్రాధాన్యము లభింపలేదు.

1975లో అమెరికాలో హేస్, కేరీ, ష్మిట్ అనువారు ఒక విశేషమును ప్రకటించిరి. పాలలోని కేసీన్ మాత్రమే మాంసకృత్తుగా గల ఆహారముతో పెరిగిన పిల్లుల నేత్రపటలము క్షీణించుచుండెను. వాటి రక్తములో టారీన్ మిక్కిలి తగ్గియుండెను.

పిల్లికే ఈ చిక్కు ఏల? అనేక జంతువులు గంధకము గల అమైనో ఆమ్లముల నుండి టారీన్‌ను స్వయముగా తయారు చేసికొనగలవు. పిల్లికి ఆ శక్తి స్వల్పము. పైగా దాని కాలేయము పిత్తామ్లములను టారీన్‌తోనే జతపరచును. అందులో కొంత ప్రతిదినము పేగుల ద్వారా నష్టమగుచుండును. ఆదాయము తక్కువ, వ్యయము తప్పదు! ఎలుకలను, పక్షులను తిను పిల్లికి వాటి మాంసమే ఈ లోటును తీర్చును. ఒట్టి పాలన్నముతో అది తీరదు.

ఆ కాలమున అమెరికాలో ఏటేట వేలకొలది పెంపుడు పిల్లులు ఒక గుండెజబ్బుతో మరణించుచుండెడివి. గుండె గదులు సాగి, కండరము బలహీనమై, రక్తమును నెట్టలేకపోయెడిది. దీనికి కారణము తెలియదు. రోగము కుదురునన్న ఆశయు లేదు.

1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ విభాగములో పియోన్, కిటిల్‌సన్, రోజర్స్, మారిస్ అను పరిశోధకులు ఈ రహస్యమును ఛేదించిరి. అంగడిలో కొన్న ఆహారమును తినుచు ఈ జబ్బునకు గురియైన 21 పిల్లులలో టారీన్ తక్కువగా నున్నట్లు వారు కనుగొనిరి. టారీన్‌ను నోటి ద్వారా ఇయ్యగా, బలహీనపడిన గుండెలు తిరిగి బాగుగా పనిచేయసాగెను. అతిధ్వని తరంగముల పరీక్ష ఈ మార్పును స్పష్టముగా చూపినది.

అయితే ఆ ఆహారములలో టారీన్ లేకపోలేదు. నాటి ప్రమాణములనుబట్టి అది చాలునని తలచిరి. కాని డబ్బాలలో నింపి వేడిచేసిన ఆహారమును తిన్నప్పుడు, పేగులలోని బాక్టీరియా టారీన్‌ను అధికముగా నాశనము చేయునని తరువాతి పరిశోధనలు తెల్పినవి. డబ్బాలో ఉన్నదంతయు పిల్లికి దక్కుట లేదన్నమాట!

తయారీదారులు ఆహారములో టారీన్‌ను పెంచిరి. పిల్లులకు వచ్చు గుండెజబ్బులు వేరే ఇంకను ఉన్నవి. టారీన్ లోపమువలన కలుగునది మాత్రము అరుదైపోయినది. ఆహారపు విలువను ప్రయోగశాలలోని తూనికతోనే గాక, దానిని తిన్న ప్రాణి ఆరోగ్యముతో కూడ కొలువవలెనని ఈ చరిత్ర బోధించుచున్నది.